తలెత్తకూడదని ఒట్టు

మా వాడలో చదువుకునే ఆడపిల్లలు కొందరు, వయసుడిగి పని మానేసి ఇంటి దగ్గరున్న పెద్దవాళ్లను ఒక్కొక్కరినీ పిలిచి అనుభవాలు చెప్పించుకుంటున్నారు. మొన్న నా వంతు వచ్చింది. దేని గురించి చెప్పాలమ్మా అంటే "ఏకాగ్రత" అన్నారు. చేతిలో ఫోను ఉంటే పుస్తకం మీద మనసు నిలవడం లేదట. మీరు అన్నేళ్లు మిషిన్ ముందు ఎట్లా కూర్చున్నారో ఆ కిటుకు చెప్పమన్నారు. నా సంగతి తెలిసిన వాళ్లెవరూ ఈ విషయం మీద నన్ను పిలవరు. అయినా వెళ్లాను. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎక్కడెక్కడికో పోయి, చెప్పాల్సింది చెప్పకుండానే టీ తాగి వచ్చేశాను. అందుకే ఇప్పుడు రాసి ఇస్తున్నాను.

నేను ముంబై దగ్గర భివండీలో, నార్పోలిలోని ఒక సాంచాల కార్ఖానాలో కండెలు చుట్టేదాన్ని. సాంచా అంటే కరెంటు మగ్గం. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో చిన్న కట్టెపుల్లకు చుట్టిన నూలు ఉంటుంది, దాన్నే కండె అంటారు. మా పని ఇంతే: నూలు కోన్ తెచ్చి మిషిన్ మీద పెట్టాలి, కండె నిండితే తీసి ఖాళీది తగిలించాలి, దారం తెగితే ముడి వేయాలి. ఇది మీకు చెప్పడానికి ఎంతసేపు పట్టిందో నేను నేర్చుకోవడానికీ అంతే పట్టింది. మిగిలిన ఉద్యోగ జీవితమంతా దాని మీద మనసు పెట్టడంలోనే గడిచిపోయింది.

మేం కూర్చునే చోటికీ సాంచాలకూ మధ్య గోడ కూడా సగమే. ఆ మోతలో పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. అందుకని కార్ఖానా ఆడవాళ్లం నోరు బాగా తిప్పుతూ, చేతులు ఆడిస్తూ మాట్లాడుకునేవాళ్లం. నడుం మీద చెయ్యి పెడితే అత్త. చెవి మెలిపెడితే మెహతా. లెక్కలూ సరుకూ చూసే మనిషిని అక్కడ మెహతా అంటారు. ఈ భాషలో ఒక ఇబ్బంది ఉంది. చెవులతో వినే మాట అయితే పని చేస్తూ వినొచ్చు. కళ్లతో వినే మాటకు తలెత్తి చూడాలి. మీ ఫోన్ల బాధ నాకు అర్థం కాలేదనుకోకండి.

మా వరసకు ఎదురుగా ఒక అక్క కూర్చునేది. నాకు సొంత అక్క కాదు, మా జిల్లా నుంచే వచ్చిన క్రైస్తవుల ఆడపడుచు. నాకన్నా పెద్దది, నాకన్నా నెమ్మది. ఆమె భర్త ఏళ్ల తరబడి సాంచా నడిపి, నూలు దుమ్ము ఛాతీలో చేరి మంచం పట్టాడు. వాళ్లుండే ఖోలీ కార్ఖానా సేఠ్‌ది. ఇంట్లో ఎవరో ఒకరు ఆ కార్ఖానాలో పని చేసినంత కాలమే ఆ ఒక్క గది వాళ్లది. అక్క పని పోతే, లేవలేని మనిషిని వెంటబెట్టుకుని వీధిలో నిలబడాలి. ఇది మాత్రం గుర్తు పెట్టుకోండి, తర్వాత జరిగిందంతా దీని కోసమే.

మధ్యాహ్నం భర్తకు అన్నం పెట్టడానికి అక్క ఒక గంట ఇంటికి వెళ్లొచ్చేది. సరిగ్గా ఆ గంటలోనే టీవీలో సీరియల్ వచ్చేది. టీవీ సీరియళ్లు ఇంటింటికీ కొత్తగా పాకుతున్న రోజులు. మేమందరం మిషిన్ల ముందు ఇరుక్కుపోయి ఉంటే అక్క వెళ్లి, తిరిగొచ్చి, కండెలు చుడుతూనే ఆ రోజు కథంతా చేతులతో చెప్పేది. ఒక ఇంట్లో ఇద్దరు కోడళ్లు. పెద్దది విషం, చిన్నది వెన్న. అక్క రెండు కనుబొమలు దగ్గరికి తెచ్చిందంటే పెద్దకోడలు వచ్చిందని అందరికీ తెలిసేది. ఆమె చేతులు ఆగేవి కావు, కండెలూ ఆగేవి కావు. ఆగేవి మా చేతులే. సాయంత్రం ఇంటికి నడుస్తూ మాట్లాడుకుంటే ఒకామె చూసిన కథలో చిన్నకోడలు నీళ్లోసుకుంది, ఇంకొకామె చూసిన కథలో ఆమెకు కడుపునొప్పి. నేను చూసిన కథలో ఆమె పుట్టింటికి పోయింది.

అట్లా నడుస్తుండగా ఒక నెల రంగు వేయడానికి పంపిన బట్ట వెనక్కి తిరిగొచ్చింది. నీలం బట్ట మీద అక్కడక్కడ తెల్లబారిన పట్టీలు. మా కార్ఖానాలో ఒక వరస సాంచాల మీద ఒట్టి కాటన్ నేసేవాళ్లు, ఇంకో వరస మీద పాలిస్టర్ కలిపిన నూలు నేసేవాళ్లు. రెండూ తెలుపే, చేతికి తేడా తెలియదు. సేఠ్ మిగులు సరుకు చౌకగా కొనేవాడు కాబట్టి కోన్ల మీద ఏ గుర్తూ ఉండేది కాదు. గోనెసంచి మీదే గుర్తు. ఎవరో ఒకరు అక్క చేతులు చూస్తూ తప్పు సంచిలో చెయ్యి పెట్టారు. నేసినప్పుడు కనపడదు, మడత పెట్టినప్పుడు కనపడదు. రంగులో ముంచాక కాటన్ రంగు తాగుతుంది, పాలిస్టర్ తాగదు. చెయ్యి తప్పు ఎవరిదో ఎవరికీ తెలియలేదు. అందువల్ల నింద కథ చెప్పే అక్క మీద పడింది.

"ధ్యాన్ కహా హై తుమ్హారా?" అని మెహతా మమ్మల్ని వరసగా నిలబెట్టి అడిగాడు. ధ్యానం ఎక్కడుందో అందరికీ తెలుసు, చెప్పేవాళ్లే లేరు. మెహతా మంచివాడే. పాపం, తన శాయశక్తులా ప్రయత్నించాడు. మొదట రెండు వరసల మధ్య గోనెపట్టా కట్టించాడు. అక్క చేతులు ఇంకొంచెం పైకెత్తి చెప్పింది. పట్టా విప్పించి తనే మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. రెండు రోజులు బాగానే కాపలా కాశాడు. మూడో రోజు అక్క మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి మా అందరికన్నా ముందు ఆయనే "ఫిర్ క్యా హువా?", తర్వాతేమైంది అన్నట్టు చెయ్యి తిప్పాడు. ఆ సాయంత్రమే కుర్చీ తీసేశాడు.

ఆఖరుకు అక్కను అక్కడి నుంచి లేపి, మూలన మోటారు పక్కనున్న పాత మిషిన్ దగ్గర కూర్చోబెట్టాడు. ఆమె చూపు గోడ వైపు. వీపు వెనక మోటారు నుంచి మిషిన్లకు పోయే బెల్టు. ఆ బెల్టుకు అడ్డం ఏమీ లేదు. ఆ మూల దిక్కున్న మా మిషిన్ల మెయిన్ స్విచ్‌కు దగ్గరగా నా చోటు కాబట్టి నేను తల తిప్పితే ఆ మూల కనపడేది. మిగతా వాళ్లకు చెయ్యి ఊగడం కంటి కొసకు తగిలినా, సరిగా చూడాలంటే ఒళ్లు తిప్పాలి. సేఠ్ చెప్పమన్న మాట కూడా మెహతా చెప్పేశాడు. మళ్లీ ఒక్కసారి పట్టీలు పడితే ఆ బాయి పని బంద్, ఖోలీ ఖాళీ.

ఆ రోజు సాయంత్రం కార్ఖానా బయట, మురికి కాలువ పక్కన నిలబడి మేం ఒక నిర్ణయానికి వచ్చాం. అప్పుడే మొదలైన సరుకు పూర్తయ్యేదాకా ఎవరూ తలెత్తకూడదు. అక్క వైపు అసలే చూడకూడదు. ఒకామె కొంగులో ఉన్న కండె తీసింది. నూలు మీద చెయ్యి పెట్టి అందరం ఒట్టు వేశాం. మగ్గం బతుకుల వాళ్లం, అంతకంటే పెద్ద ఒట్టు మాకు లేదు. అక్క మాత్రం చెయ్యి పెట్టలేదు.

"మాకు ఒట్టు పెట్టుడు తప్పు. నేను మాటిస్త, గది చాలదా?" అంది. మళ్లీ ఆమే అంది: "సీరియల్ ముచ్చట నేను ఎత్తను. ఒకేళ నా పాడు చెయ్యి ఊకోక లేసినా మీరు సూడకుండ్రి. నేను చేతులు లేపి పిలిచినా సూడకుండ్రి. నా ఖోలీ మీ చేతులల్ల ఉన్నది."

"సూడమక్కా, సచ్చినా సూడం" అన్నాం. అందరికన్నా గట్టిగా అన్నది నేనే.

ఒట్టు బాగా పనిచేసింది. ఇది ఒప్పుకోవాలి. దారం తెగితే తెగిన క్షణమే ముడి పడేది. కాటన్ సంచి ఇటు, మిక్స్ సంచి అటు. చెయ్యి పెట్టేముందు సంచి మీది గుర్తు నోటితో అనుకుని మరీ పెట్టేవాళ్లం. మిగతా ఆడవాళ్లు తపస్సులో కూర్చున్నారు. నాకు మాత్రం లోపల ఒకటే పురుగు తొలిచేది. ఒట్టుకు ముందురోజు కథ ఎక్కడ ఆగిందంటే, మేడ మెట్ల మీద చిన్నకోడలు నిలబడి ఉంది, వెనక నుంచి పెద్దకోడలు వచ్చి ఆమె వీపు మీద చెయ్యి ఆనించింది. అక్కడ ఆపేసింది అక్క. తోసిందా? తోయలేదా? రాత్రి అన్నం తింటుంటే అదే. కండె తగిలిస్తుంటే అదే. మా ఆయన "ఏందే, ఏమైంది నీకు" అంటే మెట్ల మీద మనిషి ఉందని చెప్పలేను కదా.

శుక్రవారం వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు సాంచా నడిపే భయ్యాలందరూ మసీదుకు వెళ్తారు. ఆ వేళకు సాంచాలు ఆగుతాయి. మెహతా కూడా ఇంటికి భోజనానికి పోతాడు. మేం మాత్రం కూర్చుని కండెలు ముందే చుట్టి పెడతాం. ఇంకా నమాజు వేళ కాలేదు, సాంచాలు పూర్తి మోతతో నడుస్తున్నాయి. మెహతా అప్పుడే గొడుగు తీసుకుని వెళ్లాడు.

అక్క తన మూల నుంచి చేతులు లేపింది.

నేను నేరుగా చూడలేదు, కంటి కొసకు తగిలింది. చేతులు పైకి లేచి ఊగుతున్నాయి. మా వాళ్లందరికీ తెలిసినట్టే ఉంది, ఒక్కొక్కరి తల ఇంకొంచెం కిందికి వంగింది. ఒకామె పెదాలు బిగించి, అక్కకు బుద్ధి లేదా అన్నట్టు తల అడ్డంగా ఊపింది. అందరూ మాట మీద నిలబడ్డారు. ఎవరు నిలబడలేకపోయారో మీకు తెలుసు. కథ మొదలైంది, మెట్ల మీద ఏం జరిగిందో చెబుతోంది అనుకున్నాను. ఒక్కసారి, ఒక్క ముక్క చూసి దించేద్దామని తలెత్తాను.

అక్క కొంగు బెల్టులో ఉంది. భుజం మీది చీర మెడకు చుట్టుకుని బిగుసుకుంటోంది, మనిషి వెనక్కి ఒంగిపోతోంది. ఒక చెయ్యి మెడ దగ్గరి బట్టను లాగుతోంది, ఇంకో చెయ్యి మమ్మల్ని పిలుస్తోంది. నోరు తెరిచి ఉంది. ఆ మోతలో చప్పుడు లేదు.

స్విచ్ దగ్గరికి నేను ఎట్లా వెళ్లానో నాకు తెలియదు. మధ్యలో ఉన్న సంచుల మీద నుంచి దూకానని తర్వాత చెప్పారు. స్విచ్ మీద రెండు చేతులూ వేసి పడ్డాను. బెల్టు ఇంకొంచెం తిరిగి ఆగింది. అప్పుడు అందరూ తలెత్తారు. కత్తెరతో కొంగు కోసి అక్కను కింద పడుకోబెట్టాం. దగ్గి, దగ్గి, ఊపిరి అందుకుంది. మెడ చుట్టూ ఎర్రగా తాడు కట్టినట్టు గీత పడింది. ఆమె కళ్లు తెరిచి, మా ముఖాలు కాదు, నేల వంక చూసింది. అప్పుడు మేమూ నేల చూశాం.

నేను దూకినప్పుడు రెండు సంచులూ బోర్లాపడ్డాయి. కాటన్ కోన్లు, మిక్స్ కోన్లు కలిసి గది నిండా దొర్లి ఉన్నాయి. అన్నీ తెలుపే.

"నా ఖోలీ పాయె" అంది అక్క. చెవి నోటి దగ్గర పెడితే వినపడిన బొంగురు గొంతు. బతికి బయటపడ్డాక ఆమె అన్న మొదటి మాట అది. ఇప్పుడు రాస్తుంటే నాకు ఒళ్లు మండుతోంది. మనిషి మెడ తెగబోయింది, మాలో ఒక్కరం కూడా డాక్టర్ అనలేదు, బెల్టుకు అడ్డం ఎందుకు లేదనలేదు. అందరం కోన్లు చూశాం. పిల్లలూ, ఏకాగ్రత అంటే ఇట్లా కూడా ఉంటుంది.

సాంచాలు ఒక్కొక్కటీ ఆగడం మొదలైంది. నమాజు వేళ. భయ్యాలు చేతులు తుడుచుకుని టోపీలు పెట్టుకుని వెళ్లిపోయారు. కార్ఖానాలో మా ఊపిరి మాకు వినపడేంత నిశ్శబ్దం. వాళ్లు తిరిగొచ్చే లోపల, మెహతా తిరిగొచ్చే లోపల, ఏ కోన్ ఏదో తేలాలి.

"కాలిస్తె తెలుస్తది" అంది మాలో పెద్దావిడ. నిజమే, అది అందరికీ తెలిసిన పనే. కొస తెంపి వెలిగిస్తే కాటన్ కాగితంలా కాలి మెత్తటి బూడిద అవుతుంది. పాలిస్టర్ కలిసినది ముడుచుకుని నల్లటి గింజ కడుతుంది. నూలు కుప్పల మధ్య అగ్గిపుల్ల గీస్తే కార్ఖానాయే మిగలదు కాబట్టి కోన్లన్నీ చీర కొంగుల్లో మోసుకుని వెనక సందులోకి వెళ్లాం. చుట్టూ కూర్చుని ఒకరు కొస తెంపడం, ఒకరు వెలిగించడం, ఒకరు వేళ్లతో నలిపి చెప్పడం. అక్కను పడుకోమంటే వినలేదు, గోడకు ఆనుకుని కూర్చుని వాసన చూస్తానంది. తడిగుడ్డ మెడకు చుట్టి, కాలిన కొసను ముక్కు దగ్గర పెడితే తలతో చెప్పేది. ఇటు, అటు.

మధ్యలో వాచ్‌మన్ తాత వచ్చాడు. ఆడవాళ్లందరూ గుండ్రంగా కూర్చుని, మాటా పలుకూ లేకుండా చిన్న చిన్న మంటలు వెలిగిస్తున్నారు. "పూజా హై క్యా?" అన్నాడు. ఒకామె అవునని తలూపింది. తాత చెప్పులు విడిచి, కాసేపు చేతులు కట్టుకుని నిలబడి, దండం పెట్టి వెళ్లిపోయాడు.

ఆ సందులో కూర్చున్నంత శ్రద్ధగా నేను జన్మలో ఎప్పుడూ కూర్చోలేదు. తుమ్ము వస్తే బూడిద ఎగురుతుందని ముక్కు పట్టుకుని మింగాను. ఎవరైనా అప్పుడు నన్ను చూసి ఉంటే ఇప్పుడు మీరు పిలిచినందుకు అర్థం ఉండేది.

చివరి సంచి మూతి కట్టాక, భయ్యాలు ఇంకా రాకముందు, నేను ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"అక్కా, తోసిందా?"

"ఎవలు?"

"పెద్దకోడలు. మెట్ల మీద."

అక్క మెడ మీది తడిగుడ్డ సర్దుకుంది. "నాకేమెరుకనే చెల్లె. మా ఇంట్ల టీవీ ఏడున్నది? పాస్టరయ్య టీవీ సూడొద్దన్నడు. పక్క ఖోలీల పెడ్తరు, రేకు గోడల నుంచి ఇనొస్తది. ఆ హిందీ నాకు సగమే తెలుస్తది. తెలవంది నేనే కల్పిస్త."

అంటే ఆమె చూడకుండా విన్నది, మేం వినకుండా చూశాం. ఆ సీరియల్ మా కార్ఖానాలో నిజంగా ఎవరికీ తెలియదు.

"గా కథే అనుకొని, నువ్వు చేతులు లేపి పిలుస్తుంటె మేము..." అని పక్కనున్న ఒకామె మొదలుపెట్టి, మధ్యలోనే ఆపేసి, మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. అక్క ముందుకు వంగి ఆమె తల నిమిరింది. "మీరు మాట మీద నిలబడ్డరు. నేనే కదా సూడొద్దన్న" అంది.

మెహతా తిరిగొచ్చేసరికి అందరం తలలు వంచుకుని పనిలో ఉన్నాం. అక్క చీర కొంగు మెడ దాకా కప్పుకుని కూర్చుంది. ఏదో కాలిన వాసన వస్తోందని మెహతా ముక్కు ఎగబీల్చాడు. సాంబ్రాణి అన్నాం. సంతోషపడ్డాడు.

ఆ సరుకు రంగుకు వెళ్లి, మచ్చ లేకుండా తిరిగొచ్చింది. మెహతా మమ్మల్ని మళ్లీ వరసగా నిలబెట్టి, ఇదీ ధ్యానం అంటే అన్నాడు, మనసు పెడితే ఏదైనా సాధ్యమే అన్నాడు, చాలాసేపు అన్నాడు. అక్క పని నిలిచింది, ఖోలీ నిలిచింది. నేను చెయ్యెత్తి, ఆమెను ఆ మూలన పెడితే మీ కంటికి ఆనదు సాబ్, ఏ కథలు చెప్పుకుంటుందో ఏమో, మునుపటి చోటే మా ఎదురుగా కూర్చోబెట్టండి అన్నాను. నా మాట ఆయనకు చాలా సబబుగా తోచింది. ఆ బెల్టుకు చెక్క అడ్డం మాత్రం మేమందరం కలిసి ఇంకా ఎన్నోసార్లు అడిగితే గానీ రాలేదు.

సరుకు తిరిగొచ్చిన తర్వాతి ఆదివారం అక్క నన్ను టెంఘర్‌లోని వాళ్ల ప్రార్థనకు రమ్మంది. నేను గుడికి పోయే మనిషిని, అదీ ఎప్పుడో. అయినా కాదనలేక వెళ్లి వెనక చాప మీద కూర్చున్నాను. పైన రేకులు, పక్కన సాంచాల షెడ్డు, ఆ రోజు సెలవు కాబట్టి మోత లేదు. వాళ్లలో ఒక పద్ధతి ఉంది. దేవుడు తమకు చేసిన మేలు ఏదైనా ఉంటే లేచి అందరి ముందూ సాక్ష్యం చెబుతారు. అక్క లేచి ముందుకు వెళ్లింది.

అన్నేళ్లు ఎదురుగా కూర్చున్నాను గానీ ఆమె గొంతెత్తి మాట్లాడగా వినడం నాకు అదే మొదటిసారి. సన్నటి గొంతు. ఆ శుక్రవారం సంగతి మొత్తం చెప్పింది. ముందు కూర్చున్న పాస్టరు ముఖం చూసుకుంటూ, సీరియల్ మాట ఎక్కడా రాకుండా, చాలా జాగ్రత్తగా చెప్పింది.

"నా తోటి చెల్లెండ్లు అందరు మంచోళ్లు, మాట తప్పనోళ్లు. తలలు వంచుకున్నోళ్లు వంచుకున్నట్టే ఉన్నరు. నేను చచ్చిపోతున్న అనుకున్న. ఇంట్ల ఆయనకు అన్నం ఎవలు పెడ్తరు అనుకున్న. గప్పుడు ప్రభువు నాకు ఒక చెల్లెను సూపిచ్చిండు. దాని మనసు ఏనాడు ఒక్క కాడ నిలవది. పని మీద నిలవది, మాట మీద నిలవది. ఎంత చెప్పినా ఇనదు. ప్రభువు దాన్ని గట్లనే పుట్టిచ్చి, నా ఎదురుంగ కూసోవెట్టిండు. గందుకు స్తోత్రం."

"స్తోత్రం!" అన్నారు అందరూ.

"ఆ సహోదరి వచ్చి ఉంటే నిలబడాలి" అన్నాడు పాస్టరు.

నిలబడ్డాను. అందరి తలలూ నా వైపు తిరిగాయి. అక్క మెడ మీద గీత ఇంకా మానలేదు. మనిషి నిలువునా, ప్రాణంతో, అక్కడ నిలబడి ఉంది. నేను ఆమెనే చూస్తున్నాను. వాళ్లు చప్పట్లు కొట్టారట, పాట మొదలుపెట్టారట, నన్ను కూర్చోమని కూడా అన్నారట. నాకేమీ వినపడలేదు. పక్కావిడ చీర పట్టి లాగి కూర్చోబెట్టేదాకా నా చూపు ఎటూ పోలేదు.